ఇక్కడ కుదురుగా ఉంది, అక్కడ చెదిరింది: ఆఫీసు ఫైళ్లపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోడు. ఒక కంప్యూటర్‌లో ముద్దుగా తయారైన ఫైల్ ఇంకో కంప్యూటర్‌లో తెరవగానే రూపు మారిపోతోంది. అందరూ నింద ఫార్మాట్ మీద వేశారు. ఉత్తరాలు చదివితే మాత్రం అసలు దోషి చాలాసార్లు ఫాంటే. కొన్నిసార్లు మనం స్పేస్‌బార్‌తో చేసే పనులు.

ప్రశ్న: ఇంట్లో వర్డ్‌లో తెలుగు ప్రశ్నపత్రం తయారుచేస్తాను, రెండు పేజీల్లో సరిపోతుంది. బడిలో ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రే ఆఫీస్ ఉంది. అక్కడ తెరిస్తే మూడో పేజీలోకి జారుతోంది. కొన్ని లైన్లలో వత్తులు సగం తెగిపోతున్నాయి. మార్కులు కుడివైపు ఒక వరసలో ఉండాల్సింది, మెట్లమెట్లుగా కనిపిస్తున్నాయి. ఏ ఫార్మాట్‌లో సేవ్ చేయాలి?
– ఉపాధ్యాయిని, నంద్యాల

ఫార్మాట్ మార్చినా ఈ మూడింటిలో ఒక్కటీ పోదు మేడమ్. మూడింటికీ మూడు వేర్వేరు కారణాలున్నాయి.

మొదటిది పేజీ జారడం. వర్డ్ ఫైల్‌లో (డాక్ఎక్స్) ‘ఈ పేరా గౌతమి ఫాంట్‌లో, 12 సైజులో’ అని పేరు మాత్రమే రాసి ఉంటుంది. ఫాంట్ లోపల ఉండదు. బడి కంప్యూటర్‌లో గౌతమి లేకపోతే లిబ్రే ఆఫీస్ తన దగ్గరున్న లోహిత్ తెలుగో, నోటో సాన్స్ తెలుగో తెచ్చి పెడుతుంది. వాటి అక్షరాల వెడల్పు వేరు, లైన్ ఎత్తు వేరు. లైన్‌కు ఒక మాట కిందికి దిగినా నలభై లైన్ల పేజీ తారుమారవుతుంది. ఇంగ్లీషుకు ఈ బాధ తక్కువ. కాలిబ్రికి కార్లిటో, టైమ్స్ న్యూ రోమన్‌కు లిబరేషన్ సెరిఫ్, ఏరియల్‌కు లిబరేషన్ సాన్స్ అని ప్రతి అక్షరం వెడల్పూ సరిపోయేలా గీసిన జోడీ ఫాంట్లు లిబ్రే ఆఫీస్‌తో పాటే వస్తాయి. తెలుగులో గౌతమికి అలాంటి జోడీ లేదు.

విండోస్‌లోనూ అన్నిచోట్లా గౌతమి ఉంటుందనుకోవద్దు. ఎక్స్‌పీ కాలం నుంచి విండోస్‌తో వచ్చేది. విండోస్ 10 నుంచి గౌతమినీ వాణినీ విడిగా దించుకోవాల్సిన వాటిలోకి నెట్టారు. ‘సెట్టింగ్స్’లో ‘ఆప్షనల్ ఫీచర్స్’కు వెళ్లి ‘తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్’ ఎంచుకుంటే వస్తాయి. నేరుగా వచ్చేది నిర్మల యూఐ. అది మైక్రోసాఫ్ట్ లైసెన్సు ఉన్న ఫాంట్ కాబట్టి ఉబుంటు వంటి లినక్స్ కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుపోవడం సబబు కాదు.

అందుకని రెండుచోట్లా ఉచితంగా పెట్టుకోగలిగే ఫాంట్ ఒకటి ఖాయం చేసుకోండి. నోటో సాన్స్ తెలుగు ఒకటి. మండలి, రామభద్ర, సురవరం, గిడుగు వంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతాయి. ప్రశ్నపత్రానికి మండలి బాగుంటుంది, ఒత్తుగా ఉన్నా చదవడానికి హాయి. రామభద్ర శీర్షికలకే, ఒళ్లంతా అందులో పెడితే కళ్లు నొప్పి పుడతాయి. ఫాంట్ ఫైల్‌ను (టీటీఎఫ్) పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లి బడి కంప్యూటర్‌లో రెండుసార్లు నొక్కి ఇన్‌స్టాల్ చేస్తే చాలు.

బడిలో కొత్తవి పెట్టనివ్వరంటే ఫాంట్‌ను ఫైల్‌లోనే పొదిగి పంపవచ్చు. వర్డ్‌లో ‘ఫైల్ – ఆప్షన్స్ – సేవ్’లో ‘ఎంబెడ్ ఫాంట్స్ ఇన్ ద ఫైల్’కు టిక్ పెట్టండి. లిబ్రే ఆఫీస్‌లో అదే పని ‘ఫైల్ – ప్రాపర్టీస్ – ఫాంట్’లో ఉంటుంది. ఫైల్ బరువు పెరుగుతుంది. ఫాంట్ తయారీదారు పొదగడానికి అనుమతించని ఫాంట్లు మాత్రం టిక్ పెట్టినా లోపలికి వెళ్లవు. కొన్ని ఫోన్ యాప్‌లు పొదిగిన ఫాంట్‌ను పట్టించుకోకపోవచ్చు.

ఫాంట్ మారిందా లేదా అన్నది కంటితో తేల్చవద్దు. వర్డ్‌లో ‘ఆప్షన్స్ – అడ్వాన్స్‌డ్’లో కాస్త కిందికి వెళితే ‘ఫాంట్ సబ్‌స్టిట్యూషన్’ అనే బటన్ ఉంది. ఫైల్ అడిగిన ఫాంట్ ఏది, దాని బదులు ఏది వాడుతున్నదీ అక్కడ కనిపిస్తుంది. లిబ్రే ఆఫీస్ టూల్‌బార్‌లో పేరు ‘గౌతమి’ అనే చూపిస్తుంది, ఫాంట్ లేకపోయినా. కొత్త వెర్షన్లలో లేని ఫాంట్ పేరు వాలు అక్షరాల్లో కనిపిస్తుంది. చాలామంది మోసపోయేది ఇక్కడే.

రెండోది వత్తులు తెగడం. ఇది లైన్ ఎడం తప్పు. పేరాగ్రాఫ్ సెట్టింగ్‌లో ఎవరో ‘ఎగ్జాక్ట్‌లీ 14 పాయింట్స్’ అని పెట్టి ఉంటారు, పేజీలో ఇంకో ప్రశ్న ఇరికించడానికి. ఇంగ్లీషుకు సరిపోతుంది. తెలుగుకు పైన గుడి, కింద వత్తు, కొన్నిచోట్ల వత్తు కింద ఇంకో వత్తు ఉంటాయి. 12 సైజు తెలుగుకు కనీసం 18 నుంచి 20 పాయింట్లు కావాలి. ‘ఎగ్జాక్ట్‌లీ’ని ‘అట్ లీస్ట్ 20’కి మార్చండి. లిబ్రే ఆఫీస్‌లో ఇవే ‘ఫిక్స్‌డ్’, ‘అట్ లీస్ట్’ అని ఉంటాయి. చోటు చాలకపోతే లైన్లు కుదించకుండా సైజు 11 చేయండి, మార్జిన్ తగ్గించండి.

మూడోది మార్కుల వరస. ప్రశ్న తర్వాత స్పేస్‌బార్ నొక్కుకుంటూ వెళ్లి ‘2 మా.’ అని కొట్టి ఉంటారు. స్పేస్ వెడల్పు ఫాంట్‌ను బట్టి మారుతుంది, అందుకే మెట్లు. వర్డ్‌లో కంట్రోల్+షిఫ్ట్+8, లిబ్రే ఆఫీస్‌లో కంట్రోల్+ఎఫ్10 నొక్కితే ప్రతి స్పేసూ ఒక చుక్కగా కనిపిస్తుంది. చుక్కల బారులు కనబడ్డ ప్రతిచోటా తీసేసి, కుడి అంచున రైట్ ట్యాబ్ ఒకటి పెట్టి, ప్రశ్న తర్వాత ఒక్కసారి ట్యాబ్ నొక్కండి. ఎ4 కాగితానికి రెండు పక్కలా 2 సెంటీమీటర్ల మార్జిన్ ఉంటే ఆ ట్యాబ్ 17 సెంటీమీటర్ల దగ్గర వస్తుంది. నాలుగు జవాబుల బిట్లకు గీతలు కనిపించని నాలుగు గళ్ల పట్టిక మేలు. కొత్త పేజీకి పది ఎంటర్లు కాదు, కంట్రోల్+ఎంటర్.

ఇంకొక్క సంగతి. తెలుగు అక్షరాలకు లిబ్రే ఆఫీస్‌లో వేరే ఖాతా ఉంది. ‘టూల్స్ – ఆప్షన్స్’లో భాషల పేజీ తెరిచి ‘కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్’ ఆన్ చేయండి. అప్పుడు ‘ఫార్మాట్ – క్యారెక్టర్’లో ఇంగ్లీషుకు ఒక ఫాంటూ సైజూ, తెలుగుకు ఇంకో ఫాంటూ సైజూ విడివిడిగా కనిపిస్తాయి. వర్డ్ ఫాంట్ డబ్బాలోనూ ‘కాంప్లెక్స్ స్క్రిప్ట్స్’ అని అలాంటి గడే ఉంది. ఒకచోట 12, ఇంకోచోట 14 ఉంటే ‘నేను సైజు మార్చినా తెలుగు మారడం లేదు’ అనే ఫిర్యాదు పుడుతుంది.

ప్రశ్న: మా సంఘం పాత సావనీర్ వ్యాసాలన్నీ అను ఫాంట్లలో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లోనూ వర్డ్‌లోనూ ఉన్నాయి. సభ్యులకు పంపితే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కనిపిస్తున్నాయట. ఫాంట్ పంపితే కొందరికి తెరుచుకుంది, కొందరికి లేదు. ఇప్పుడు కొత్త సంచికకు అందరూ ఫోన్లలో టైప్ చేసి పంపుతున్నారు. అది మా డీటీపీ ఆయన దగ్గర డబ్బాలుగా వస్తోంది.
– సాహితీ సంఘ కార్యదర్శి, తెనాలి

మీకున్నది రెండు వైపుల నుంచీ ఒకే తంటా. అను వంటి పాత ఫాంట్లలో కొట్టిన తెలుగు, కంప్యూటర్ లెక్కలో తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు గీసి పెట్టారు: తలకట్టు ఒకచోట, కొమ్ము ఒకచోట, వత్తు ఇంకోచోట. వేషం తీస్తే కింద ఇంగ్లీషు కోడ్‌లే మిగులుతాయి. అందుకే ఫాంట్ లేని కంప్యూటర్‌లో గజిబిజి, ఫోన్‌లో గజిబిజి, వెతికితే దొరకదు. ఫోన్లలో కొట్టేది యూనికోడ్. అందులో ప్రతి తెలుగు అక్షరానికీ తన సొంత స్థానం ఉంది. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు. దాని చివరి పెద్ద వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. మీ డీటీపీ ఆయన చూస్తున్న డబ్బాలు అందుకే.

పాతవాటిని యూనికోడ్‌లోకి మార్చేయండి. ఒకసారి పడే శ్రమే. ముందు ఏ ఫాంట్, ఏ వెర్షన్‌లో కొట్టారో కనుక్కోండి, ఎందుకంటే కన్వర్టర్ సరిగ్గా దానికి తగినదే కావాలి. వ్యాసంలో మధ్యమధ్య నిజమైన ఇంగ్లీషు మాటలు ఉంటే వాటిని ముందే వేరే రంగులో గుర్తుపెట్టి విడిగా తీసిపెట్టుకోండి, లేకపోతే కన్వర్టర్ వాటినీ తెలుగు అనుకుని అర్థంలేని అక్షరాలుగా మార్చేస్తుంది. అంకెలు, కొటేషన్ గుర్తులు, డ్యాష్‌లు ఇంకో జాబితా. మార్చిన తర్వాత ప్రూఫ్ చూసేటప్పుడు క్రావడి, జంట వత్తులు, ఐత్వం, ‘ఘ, ఝ, మ, య’ లాంటి అక్షరాల కొమ్ముల మీద కన్నేయండి. ముక్కలు ముక్కలుగా కూర్చిన అక్షరాలు అక్కడే ఎక్కువగా పట్టు తప్పుతాయి.

పాత వర్డ్ ఫైల్‌లో కొత్తగా ఏదైనా టైప్ చేయడమే ఒక ప్రమాదం. వర్డ్‌కు అవి ఇంగ్లీషు అక్షరాలే కదా, తన ఆటోకరెక్ట్‌తో ‘దిద్దడం’ మొదలుపెడుతుంది. వాక్యం మొదటి అక్షరాన్ని క్యాపిటల్ చేస్తుంది, నిలువు కొటేషన్‌ను వంపు కొటేషన్ చేస్తుంది. తెర మీద ఒక తెలుగు అక్షరం ఇంకోటవుతుంది. ఆ ఫైళ్ల మీద చెయ్యి పెట్టేముందు ‘ఫైల్ – ఆప్షన్స్ – ప్రూఫింగ్ – ఆటోకరెక్ట్ ఆప్షన్స్’లో అన్ని టిక్‌లూ తీసేయండి. లిబ్రే ఆఫీస్‌లో ‘టూల్స్ – ఆటోకరెక్ట్ ఆప్షన్స్’. అసలు ఫైల్ నకలు ఒకటి ముట్టుకోకుండా పక్కన పెట్టాలని వేరే చెప్పాలా?

పేజ్‌మేకర్ 6.0, 7.0 ఫైళ్లు అడోబ్ వారి పేజీల సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో సీఎస్6 వెర్షన్ వరకు తెరుచుకుంటాయి. ఆ తర్వాతి సీసీ వెర్షన్లలో తెరుచుకోవు. ఎవరి దగ్గరైనా పాత వెర్షన్ పనిచేస్తూ ఉంటే ఇప్పుడే ఆ పని కానివ్వండి, ఆ కంప్యూటర్ మొరాయించాక చేసేదేమీ ఉండదు. ఒక పొరపాటు మాత్రం చేయకండి: పాత సావనీర్ పీడీఎఫ్ ఉంది కదా, అందులోంచి కాపీ చేసుకుందామనుకోవద్దు. పీడీఎఫ్‌లో ఉండేది అక్షరాల బొమ్మల వరస. పాత ఫాంట్‌దైతే గజిబిజి వస్తుంది. యూనికోడ్‌దైనా వత్తులూ గుణింతాలూ స్థానాలు మారి వస్తాయి.

కొత్త సంచిక సంగతి. మీ డీటీపీ ఆయన ఇన్‌డిజైన్‌కు మారగలిగితే యూనికోడ్ నేరుగా పడుతుంది. పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో ‘అడోబ్ వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్’ ఎంచుకోవాలి, లేకపోతే ‘క్క’ కాస్తా పొల్లు క, పక్కన ఇంకో క అయి విడిపోతుంది. మారలేనంటే యూనికోడ్ నుంచి అనుకు మార్చే సాధనం వాడక తప్పదు, ప్రూఫ్ రెండోసారి చదవకా తప్పదు. సంచిక కోసం ఇంత చేసినా, దాచుకునేది మాత్రం యూనికోడ్ ప్రతినే.

ప్రశ్న: సభ్యుల జాబితా సీఎస్‌వీ (కామాలతో విడదీసిన ఉత్త అక్షరాల) ఫైల్‌గా వచ్చింది. ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు పేర్ల బదులు నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు ‘ఎ’, డిగ్రీ గుర్తు వరసగా వస్తున్నాయి. ఆధార్ సంఖ్యలు ‘ఈ+11’ అని మారాయి. కొన్ని ఖాతా నంబర్ల చివర సున్నాలు వచ్చాయి. సేవ్ కూడా చేశాను.
– సహకార సంఘం గుమస్తా, వరంగల్

సేవ్ చేసిన ఫైల్‌ను పక్కన పెట్టి, వచ్చిన అసలు ఫైల్ మెయిల్‌లోంచి మళ్లీ దించుకోండి. ఎందుకో చెబుతాం.

యూనికోడ్‌ను ఫైల్‌లో రాసే పద్ధతుల్లో ఒకటైన యూటీఎఫ్-8లో తెలుగు అక్షరాలు ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటాయి. సీఎస్‌వీలో ‘నేను యూటీఎఫ్-8’ అని చెప్పే గుర్తు మొదట్లో లేకపోతే ఎక్సెల్ దాన్ని పాత ఇంగ్లీషు కోడ్ అనుకుని, ప్రతి బైట్‌నూ ఒక అక్షరంగా చూపిస్తుంది. మొదటి బైట్ గీత ఉన్న ‘ఎ’, రెండోది డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో. తెలుగు పాడవలేదు, తప్పుగా చదివారు, అంతే.

సంఖ్యల సంగతి అలా కాదు, అవి నిజంగానే పోతాయి. ఎక్సెల్ ఏ సంఖ్యలోనైనా 15 అంకెలే గుర్తుంచుకుంటుంది. 16వ అంకె నుంచి సున్నాలు. ముందున్న సున్నాలను ఎటూ తీసేస్తుంది. ఆధార్ 12 అంకెలే కాబట్టి లోపల భద్రంగానే ఉంటుంది, తెర మీద మాత్రం కుదించి ‘ఈ+11’గా చూపిస్తుంది. కానీ సీఎస్‌వీగా సేవ్ చేసేటప్పుడు ఎక్సెల్ తెర మీద కనబడేదే రాస్తుంది. ఆ క్షణంతో ఆధార్ కూడా పోయినట్టే.

కాబట్టి సీఎస్‌వీని రెండుసార్లు నొక్కి తెరవవద్దు. ఖాళీ ఎక్సెల్ తెరిచి ‘డేటా – ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ నొక్కండి. ‘ఫైల్ ఆరిజిన్’లో ‘65001: యూనికోడ్ (యూటీఎఫ్-8)’ ఎంచుకోండి. వెంటనే ‘లోడ్’ నొక్కకుండా ‘ట్రాన్స్‌ఫార్మ్ డేటా’లోకి వెళ్లి ఆధార్, ఖాతా, ఫోన్, పిన్‌కోడ్ కాలమ్‌లను ‘టెక్స్ట్’గా మార్చండి. ‘ఉన్న మార్పిడిని తీసేసి ఇది పెట్టాలా’ అని అడిగితే అవునని చెప్పండి. లిబ్రే ఆఫీస్ క్యాల్క్ ఈ విషయంలో మర్యాదస్తురాలు. సీఎస్‌వీ తెరవగానే తానే అడుగుతుంది: క్యారెక్టర్ సెట్ ఏది, ఏ కాలమ్ టెక్స్ట్ అని. ఎక్సెల్ సతాయిస్తే క్యాల్క్‌లో తెరిచి ఎక్సెల్ ఫైల్ (ఎక్స్ఎల్ఎస్ఎక్స్)గా సేవ్ చేసి ఇవ్వడం కూడా మంచి దారే.

మీరు పంపేటప్పుడు ‘సేవ్ యాజ్’లో ఉత్త ‘సీఎస్‌వీ’ కాకుండా ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ ఎంచుకోండి. తేదీలు 2025-03-04 పద్ధతిలో రాయండి. 04/03/2025 అని రాస్తే అమెరికా సెట్టింగ్ ఉన్న కంప్యూటర్ ఏప్రిల్ 3 అనుకుంటుంది. 15/03/2025 అక్కడ అసలు తేదీయే కాదు, టెక్స్ట్‌గా మిగిలిపోతుంది. ఒకే కాలమ్‌లో సగం తప్పు తేదీలు, సగం టెక్స్ట్ ఉంటే కారణం ఇదే.

అన్నట్టు ఆధార్, ఖాతా వివరాల ఫైల్‌ను వాట్సాప్ గ్రూపులో పెట్టే అలవాటుంటే మానండి. పాస్‌వర్డ్ పెట్టిన ఎక్స్ఎల్ఎస్ఎక్స్ ఫైల్ లిబ్రే ఆఫీస్‌లోనూ తెరుచుకుంటుంది.

ప్రశ్న: డాలస్‌లో ఉన్న మా అబ్బాయి మ్యాక్ నుంచి పంపే ఫైళ్లు పేజెస్ ఫార్మాట్‌లో వస్తున్నాయి, మా వర్డ్‌లో తెరుచుకోవు. వర్డ్‌లోకి మార్చి పంపినా ప్రింట్ తీస్తే పేజీలు కుదరడం లేదు.
– విశ్రాంత ఉద్యోగి, కాకినాడ

పేజెస్ ఫైల్ వర్డ్‌లో తెరుచుకోదు. అబ్బాయి ‘ఫైల్ – ఎక్స్‌పోర్ట్ టు – వర్డ్’ చేసి పంపాలి. పేజీలు కుదరకపోవడానికి కారణం కాగితం. అమెరికాలో లెటర్ సైజు, 216 × 279 మిల్లీమీటర్లు. మనది ఎ4, 210 × 297. మన కాగితం 6 మిల్లీమీటర్లు సన్నం, 18 మిల్లీమీటర్లు పొడవు. వర్డ్‌లో ‘లేఅవుట్ – సైజ్ – ఎ4’ చేసి, లైన్లు ఎక్కడ విరిగాయో ఒకసారి చూసి ప్రింట్ ఇవ్వండి. పీడీఎఫ్ అయితే ప్రింట్ డబ్బాలో ‘ఫిట్’ ఎంచుకోండి. ఇక మ్యాక్‌లో తెలుగుకు వాడే కోహినూర్ తెలుగు, తెలుగు సంగమ్ ఎంఎన్ ఫాంట్లు విండోస్‌లో ఉండవు. నంద్యాల మేడమ్‌కు చెప్పిన ఉమ్మడి ఫాంట్ ఉపాయమే మీకూ.

ప్రశ్న: క్లయింట్‌కు ఎక్సెల్ ఫైల్ పంపాను. ఆయన కంప్యూటర్‌లో కొన్ని గళ్లలో ‘#నేమ్?’ అని వస్తోంది. లక్షల కామాలు కూడా అమెరికా పద్ధతిలో పడుతున్నాయి. నా దగ్గర అంతా సరిగ్గానే ఉంది.
– అకౌంటెంట్, విజయవాడ

ఎక్స్‌లుకప్ గానీ, ఫిల్టర్, యునీక్ వంటి కొత్త ఫంక్షన్లు గానీ వాడి ఉంటారు. అవి ఎక్సెల్ 2021లోనూ మైక్రోసాఫ్ట్ 365లోనూ ఉన్నాయి, ఎక్సెల్ 2016, 2019లలో లేవు. లిబ్రే ఆఫీస్‌కు 24.8 వెర్షన్‌తో వచ్చాయి. చిక్కేమిటంటే పాత ఎక్సెల్‌లో ఫైల్ తెరవగానే మీరు లెక్కించిన విలువే కనిపిస్తుంది, అంతా బాగున్నట్టుంటుంది. ఆ గడిని ముట్టుకుని మళ్లీ లెక్క వేయించినప్పుడు ‘#నేమ్?’ బయటపడుతుంది. బయటికి పోయే ఫైళ్లలో వీలుకప్, లేదా ఇండెక్స్-మ్యాచ్ జోడీ వాడండి, ఎక్కడైనా నడుస్తాయి. ఆయన చూడటానికే అయితే ఫార్ములాలు కాపీ చేసి ‘పేస్ట్ స్పెషల్ – వాల్యూస్’తో విలువలు మాత్రం ఉన్న ప్రతి పంపండి.

కామాలు విండోస్ రీజియన్ సెట్టింగ్‌ను బట్టి పడతాయి. ఆయన కంప్యూటర్‌లో అమెరికా ఉంటే 1,00,000 కాస్తా 100,000 అవుతుంది. ఎక్కడైనా మన పద్ధతిలో కనిపించాలంటే ‘ఫార్మాట్ సెల్స్ – కస్టమ్’లో ఇది పెట్టండి:

[>=10000000]##\,##\,##\,##0;[>=100000]##\,##\,##0;##,##0

లక్ష దాటితే ఒక రూపు, కోటి దాటితే ఇంకో రూపు. రుణ సంఖ్యలకు ఇది పనిచేయదు, అవి మూడో భాగంలో పడి మళ్లీ అమెరికా కామాలే వస్తాయి. ఖర్చుల కాలమ్‌లో మైనస్ గుర్తుతో రాసే అలవాటుంటే గుర్తుంచుకోండి.

మాక్రోలు, అంటే పనుల వరసను తామే నడిపే చిన్న ప్రోగ్రాములు ఉన్న ఎక్స్ఎల్ఎస్ఎం ఫైళ్లు గూగుల్ షీట్స్‌లో నడవవు, లిబ్రే ఆఫీస్‌లో కొన్నే నడుస్తాయి. పాత ఎక్స్ఎల్ఎస్ ఫార్మాట్ అడిగే క్లయింట్లు ఇంకా ఉంటే, అందులో 65,536 వరసలే పడతాయి. ఎక్స్ఎల్ఎస్ఎక్స్‌లో 10,48,576.

ప్రశ్న: నా థీసిస్ నేను లిబ్రే ఆఫీస్‌లో రాస్తాను, గైడ్ గారు వర్డ్‌లో దిద్దుతారు, స్నేహితురాలు గూగుల్ డాక్స్‌లో భాష చూస్తుంది. మూడు చేతులు మారేసరికి నంబర్లు, ఫుట్‌నోట్లు గందరగోళం. ఓడీటీలో ఉంచాలా, డాక్ఎక్స్‌లోనా?
– పరిశోధక విద్యార్థి, హైదరాబాద్

సిద్ధాంతం అడిగితే లిబ్రే ఆఫీస్ సొంత ఫార్మాట్ ఓడీటీ అంటాం. 2006లోనే ఐఎస్ఓ (అంతర్జాతీయ) ప్రమాణమైంది, డాక్ఎక్స్ కుటుంబం 2008లో అయింది. గైడ్ గారు వర్డ్ వదలరు గనక, ఆచరణలో మాత్రం మొదటి రోజు నుంచీ డాక్ఎక్స్‌లోనే ఉంచండి. చెడేది ఫార్మాట్ వల్ల కాదు, అటూ ఇటూ పదే పదే మార్చడం వల్ల. ఓడీటీ నుంచి డాక్ఎక్స్‌కు, మళ్లీ ఓడీటీకి వెళ్లిన ప్రతిసారీ కొంత రాలుతుంది. సేవ్ చేసేటప్పుడు లిబ్రే ఆఫీస్ అడిగితే వర్డ్ ఫార్మాట్‌లోనే ఉంచమనండి.

శీర్షికలకు చేత్తో బోల్డ్ కొట్టకుండా ‘హెడింగ్ 1’, ‘హెడింగ్ 2’ శైలులే వాడండి. మూడు సాఫ్ట్‌వేర్లూ వీటిని గుర్తుపడతాయి, విషయసూచిక వీటి మీదే నిలుస్తుంది. అధ్యాయాల నంబర్లు కూడా చేత్తో వేయకుండా వీటికే తగిలించండి. ఫైల్ ఎవరి చేతికి వెళ్లి వచ్చినా విషయసూచిక ఒకసారి అప్‌డేట్ చేయండి. వర్డ్‌లో ఎఫ్9, లిబ్రే ఆఫీస్‌లో దాని మీద కుడి క్లిక్.

దిద్దుబాట్లు వర్డ్‌లో ‘ట్రాక్ చేంజెస్’, లిబ్రే ఆఫీస్‌లో కంట్రోల్+షిఫ్ట్+సి. ఒకరి గుర్తులు ఇంకొకరికి కనిపిస్తాయి. గూగుల్ డాక్స్‌లో స్నేహితురాలు ‘సజెస్టింగ్’ మోడ్‌లో ఉంటే, డాక్ఎక్స్‌గా దించినప్పుడు సూచనలు కూడా ట్రాక్ చేంజెస్‌గా వస్తాయి. అయితే ఆమె డ్రైవ్‌లో ఉన్న డాక్ఎక్స్‌ను అలాగే తెరిచి దిద్దాలి. ‘సేవ్ యాజ్ గూగుల్ డాక్స్’ నొక్కితే అక్కడ రెండో ప్రతి పుడుతుంది, ఇకమీదట దిద్దుబాట్లు దానిలోకి పోతాయి, మీరు మొదటిదే చూస్తూ కూర్చుంటారు. నంబర్ల గందరగోళంలో సగం ఇక్కడ పుట్టిందే అయ్యుండవచ్చు.

ఉల్లేఖనలు (సైటేషన్లు) చేర్చే జొటేరో సాఫ్ట్‌వేర్ వాడుతుంటే జాగ్రత్త. దాని ఉల్లేఖనలు మామూలుగా సేవ్ చేసి ఇంకో సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే ఉత్త అక్షరాలుగా మారిపోవచ్చు. జొటేరో ‘డాక్యుమెంట్ ప్రిఫరెన్సెస్’లో ‘స్విచ్ వర్డ్ ప్రాసెసర్స్’ ఉంది, ఫైల్ చేయి మారేముందు అదే వాడండి. గైడ్ గారు ఉల్లేఖనలు ముట్టుకోకుండా వ్యాఖ్యలు మాత్రమే రాస్తే ఇంకా క్షేమం.

ఇంకొకటి: లిబ్రే ఆఫీస్‌లో వెతికినప్పుడు మీకే మీ మాటలు దొరకకపోవచ్చు. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో ట్ తర్వాత కంటికి కనిపించని విడదీత గుర్తు ఉంటుంది. ఒకరి కీబోర్డు దాన్ని వేస్తుంది, ఇంకొకరిది వేయకుండా ‘వ’ను కింద వత్తుగా మార్చేస్తుంది. కంప్యూటర్‌కు అవి రెండు వేర్వేరు మాటలు. పారిభాషిక పదాలు ఎలా కొట్టాలో ముగ్గురూ ముందే అనుకోండి.

ప్రశ్న: డాక్ఎక్స్ పంపితే చెదిరిందంటారు, పీడీఎఫ్ పంపితే దిద్దలేమంటారు. రెండూ పంపితే ఒకటి పోగొట్టుకుంటారు.
– పంచాయతీ కార్యదర్శి, రాజమహేంద్రవరం

రెండూ ఒకే ఫైల్‌లో పెట్టే వీలుంది. లిబ్రే ఆఫీస్‌లో ‘ఎక్స్‌పోర్ట్ యాజ్ పీడీఎఫ్’ డబ్బాలో ‘హైబ్రిడ్ పీడీఎఫ్’ అనే టిక్ ఉంటుంది. అది పెడితే పీడీఎఫ్ లోపలే దిద్దదగ్గ ఓడీటీ కూడా పొదుగుతుంది. ఫోన్‌లో తెరిచినవారికి మామూలు పీడీఎఫ్, లిబ్రే ఆఫీస్‌లో తెరిచినవారికి మామూలు డాక్యుమెంట్. వర్డ్‌కు మాత్రం ఈ లోపలి ప్రతి కనిపించదు. అందుకని మీ కార్యాలయంలో అందరూ లిబ్రే ఆఫీస్ అయితేనే ఇది పనికొస్తుంది.

ఏళ్ల తరబడి ఉంచాల్సిన తీర్మానాలకు అదే డబ్బాలో ‘పీడీఎఫ్/ఎ’ పెట్టండి. ఫాంట్లు తప్పనిసరిగా లోపల ఉండాలని ఆ ప్రమాణమే చెబుతుంది. మామూలు పీడీఎఫ్‌లో ఫాంట్ పొదిగిందా లేదా చూడాలంటే అక్రోబాట్ రీడర్‌లో కంట్రోల్+డి నొక్కి ‘ఫాంట్స్’ చూడండి. ప్రతి పేరు పక్కనా ‘ఎంబెడెడ్’ అని ఉండాలి.

ప్రశ్న: డాక్ ఫైల్‌ను డాక్ఎక్స్ అడిగే వెబ్‌సైట్‌లో ఎక్కించాలి. పేరు చివర ఒక అక్షరం కలిపితే సరిపోతుందా?
– ఉద్యోగార్థి, శ్రీకాకుళం

సరిపోదు. వెబ్‌సైట్ తీసుకున్నా అవతల తెరిచేవారికి ఫైల్ తెరవలేమన్న సందేశం వస్తుంది. వర్డ్ 2003 వరకు వాడిన డాక్ ఒక రకం బైనరీ ఫైల్. 2007తో వచ్చిన డాక్ఎక్స్ నిజానికి ఒక జిప్ మూట. ఫైల్ తెరిచి ‘సేవ్ యాజ్’లో ‘వర్డ్ డాక్యుమెంట్’ ఎంచుకోవడమే దారి. టైటిల్ దగ్గర ‘కంపాటిబిలిటీ మోడ్’ అని కనిపిస్తే ‘ఫైల్ – ఇన్ఫో – కన్వర్ట్’ నొక్కండి.

పేరు మార్చడం ఒక్కచోట మాత్రం పనికొస్తుంది. డాక్ఎక్స్ నకలు ఒకటి చేసి చివర జిప్ అని మార్చి విప్పితే, లోపల ‘వర్డ్’ ఫోల్డర్‌లో ‘మీడియా’ అని ఉంటుంది. డాక్యుమెంట్‌లో పెట్టిన ఫొటోలన్నీ విడివిడిగా అక్కడ దొరుకుతాయి. వర్డ్ తెరవలేనని మొండికేసిన ఫైల్‌లోంచి మీ ఫొటో, సంతకం బొమ్మ తీసుకోవడానికి ముందు ఇది ప్రయత్నించండి, తర్వాత అదే ఫైల్‌ను లిబ్రే ఆఫీస్‌తో తెరిచి చూడండి. దెబ్బతిన్న ఫైళ్లను బాగుచేసి తెరవడంలో అది కొన్నిసార్లు వర్డ్ కన్నా ఓపికగా ఉంటుంది.